జేఠానీ, దేవరానీ: ‘ఫైర్’ చిత్రమూ, దాని ప్రేక్షకులూ

ప్రేమకథను చదివేవారు గాని, రంగస్థలం మీదనో తెరమీదనో చూసేవారు గాని నాయికానాయకుల రూపాన్నీ, కులాన్నీ, కలిమినీ విచారించినంతగా వారి వయస్సును విచారించరు. వరుడు వధువుకన్న పదేండ్లు పెద్దవాడైనా మన సమాజం దానిని సహజమనే భావించింది. ఆ అంతరం మితిమీరినప్పుడే ప్రశ్న పుట్టింది. తెలుగుదేశంలో ఆ ప్రశ్నను రంగస్థలం మీదికి తెచ్చినవారు గురజాడ అప్పారావుగారు. 1892లో ప్రథమంగా ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో నూతన రూపం ధరించిన ‘కన్యాశుల్కం’ లుబ్ధావధాన్ల ముసలితనాన్ని చూపి ప్రేక్షకులను నవ్వించింది. ఆ నాటకాన్ని శ్రద్ధగా చదివినవారికి నేరం ఎక్కడున్నదో తెలియకపోదు. నేరం బేరంలో ఉన్నది. అమ్మబడుతున్న పిల్లకు ఔననే వయస్సు లేదు, కాదనే హక్కూ లేదు.

స్త్రీపురుషుల ప్రేమ విషయంలో మనం ఇంత స్పష్టంగా నేర్చుకున్న ఈ వివేకం, ప్రేమికులిద్దరూ స్త్రీలో, ఇద్దరూ పురుషులో అయినప్పుడు మసకబారుతుంది. అప్పుడు కొందరు వయస్సు తేడాను అసలు చూడరు. కొందరు దానిని తప్ప మరి దేనినీ చూడరు. పెద్దవారు చిన్నవారిని చెరిచారనేది ఒక తీర్పు. పెద్దవారు గురువు వంటివారు గనుక ఆ ప్రేమ పవిత్రమనేది మరొక తీర్పు. ఈ రెండు తీర్పులకూ ఢిల్లీ నగరంలో చాలా పాత చరిత్ర ఉన్నది. 1998లో అదే నగరంలో ఒక చలనచిత్రం చుట్టూ చెలరేగిన వివాదాన్ని అర్థం చేసుకోవాలంటే ఆ చరిత్రను కూడ తడమవలసి ఉంటుంది.

ఆ చిత్రం ‘ఫైర్’. దర్శకురాలు దీపా మెహతా 1950లో అమృత్‌సర్‌లో జన్మించారు. ఢిల్లీలో చదువుకొని, 1973లో కెనడాకు వెళ్ళి స్థిరపడ్డారు. 1996లో టొరంటో చిత్రోత్సవంలో మొదట ప్రదర్శింపబడిన ఈ చిత్రంలోని కథ ఢిల్లీలో ఒక మధ్యతరగతి ఉమ్మడి కుటుంబానిది. ఆ ఇంటివారికి వంటకాలు అమ్మే దుకాణమూ, వీడియో క్యాసెట్ల దుకాణమూ ఉన్నవి. పెద్దకొడుకు అశోక్ ఒక స్వామీజీకి శిష్యుడై, పదమూడేండ్లుగా బ్రహ్మచర్యం పాటిస్తున్నాడు. అతని భార్య రాధకు సంతానం లేదు. మంచం పట్టిన అత్తగారికి సేవ చేయడం, దుకాణానికి వండిపెట్టడం ఆమె జీవితం. చిన్నకొడుకు జతిన్‌కు మనసు మరొక యువతిమీద ఉండగా, ఇంటివారి మాటమీద సీతను పెళ్ళాడి తీసుకువస్తాడు. ఆదరణ లేని ఈ ఇద్దరు కోడళ్ళ మధ్య పెరిగిన ప్రేమే చిత్రకథ. రాధ పాత్రను 1950లో పుట్టిన షబానా ఆజ్మీ, సీత పాత్రను 1969లో పుట్టిన నందితా దాస్ ధరించారు. చిత్రం ఈ అంతరాన్ని మాటలలో లెక్కగట్టి చెప్పదు. కాని ఒక ముఖంలో అలసటనూ, మరొక ముఖంలో అసహనాన్నీ చూసిన ప్రేక్షకునికి లెక్క చెప్పనక్కరలేదు.

హిందీ నుండి తెలుగులోనికి అనువదించేవారికి ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. హిందీలో అన్నదమ్ముల భార్యలకు రెండు వేరు వేరు మాటలున్నవి. పెద్దవాని భార్య జేఠానీ, చిన్నవాని భార్య దేవరానీ. భర్త అన్న జేఠ్, భర్త తమ్ముడు దేవర్. ఆ పురుషుల పేర్లనుండే ఈ స్త్రీల పేర్లు పుట్టినవి. అంటే జేఠానీ పెద్దరికం ఆమె పుట్టిన సంవత్సరం నుండి రాలేదు, ఆమె భర్త పుట్టిన సంవత్సరం నుండి వచ్చింది. ఇరవై యేండ్ల జేఠానీకి ముప్పై యేండ్ల దేవరానీ ఉండవచ్చును. తెలుగులో మనకు ఇద్దరికీ చెల్లే తోడికోడలు అనే మాట ఉన్నది. అది ఇద్దరినీ ఒకే వరుసలో నిలబెట్టి, ఒకరికొకరిని తోడు చేస్తుంది. పెద్దామెను అక్కయ్యా అని పిలవడంలో మాత్రమే తారతమ్యం తెలుస్తుంది. రాధాసీతలను జేఠానీ దేవరానీలుగా చూసినవారు ఒక కథనూ, తోడికోడళ్ళుగా చూసినవారు వేరొక కథనూ చూశారని నాకు తోస్తుంది. మొదటి చూపులో ఇంటి అధికారక్రమం తలక్రిందులైనది. రెండవ చూపులో ఒకే కాడికి కట్టిన ఇద్దరు ఒకరినొకరు గుర్తించుకున్నారు.

సమస్త సంప్రదాయమూ పెద్దవారినే కర్తగా భావించగా, ఈ చిత్రంలో తొలి అడుగు వేసేది చిన్నకోడలు. మొదటి చుంబనం సీతది. భర్తల క్షేమం కోసం కోడళ్ళు కర్వా చౌత్ నాడు ఉపవాసముంటే, ఆ ఆచారమెందుకని ప్రశ్నించేదీ ఆమెయే. రాధ వెనుకాడుతుంది, ఆలోచిస్తుంది, చివరకు తానై నిర్ణయించుకుంటుంది. ఇందులో చెరిచినవారెవరు, చెరుపబడినవారెవరు అని వెదకేవారికి సమాధానం దొరకదు. ఈ విషయం ఎంత కొత్తదో తెలియాలంటే, చిత్రం ముగిసే చోటినుండి వెనుకకు పోవాలి.

ఇల్లు విడిచిన ఇద్దరు స్త్రీలూ కలుసుకునే చోటు హజ్రత్ నిజాముద్దీన్ దర్గా. దర్శకురాలు ఏమి ఆలోచించి ఈ స్థలాన్ని ఎన్నుకున్నారో గాని, ఢిల్లీవాసికి ఆ స్థలం పెద్ద, చిన్నల ప్రేమకు ఆలవాలం. నిజాముద్దీన్ ఔలియా 1238లోనూ, ఆయన శిష్యుడైన కవి అమీర్ ఖుస్రో 1253లోనూ జన్మించినారని సాధారణంగా చెబుతారు. 1325లో గురువు కాలం చేయగా, కొద్ది నెలలకే శిష్యుడూ పోయాడు. ఇద్దరి సమాధులూ ఒకే ప్రాంగణంలో ఉన్నవి. ఖుస్రో పేర ప్రచారంలో ఉన్న గీతాలలో శిష్యుడు తన్ను వధువుగా భావించుకొని గురువును ప్రియునిగా సంబోధిస్తాడు. కవ్వాలులు నేటికీ వాటిని అక్కడ పాడుతూనే ఉన్నారు. ఆ భక్తులలో ఎవరూ దానిని లౌకిక శృంగారమని తలచరు, మనమూ అలా తలచనక్కరలేదు. కాని పదిహేనేండ్లు పెద్దవాడైన పురుషుని యెడ ఒక పురుషుడు ప్రకటించిన తీవ్రమైన ప్రేమను ఈ నగరం ఏడు వందల సంవత్సరాలుగా సిగ్గుపడకుండా వింటున్నదనే మాట వాస్తవం.

రెండవ స్థలం జామా మసీదు తూర్పు ద్వారం చెంత ఉన్న సర్మద్ సమాధి. పర్షియా నుండి వర్తకానికి వచ్చిన సర్మద్ సింధులోని ఠట్టా నగరంలో అభయ్‌చంద్ అనే హిందూ బాలునిపై ప్రేమతో సర్వమూ వదిలి దిగంబర ఫకీరయ్యాడు. ఇద్దరూ లాహోరుకూ, అక్కడినుండి గోల్కొండ రాజ్యంలోని హైదరాబాదుకూ, చివరకు ఢిల్లీకీ చేరారు. ‘దబిస్తాన్’ అనే పారసీక గ్రంథాన్ని రచించిన పండితుడు 1647లో హైదరాబాదులోనే సర్మద్‌ను చూశాడు. యూదుల ధర్మగ్రంథంలోని సృష్టిఖండాన్ని అభయ్‌చంద్ పారసీకంలోకి అనువదించగా, ఆ భాగాన్ని తన పుస్తకంలో చేర్చుకున్నాడు. ఔరంగజేబు పాలనలో, 1661 ప్రాంతంలో, సర్మద్ శిరచ్ఛేదానికి గురి అయినాడు.

ఈ కథకు ప్రేక్షకులు వేరు వేరుగా తీర్పులు చెప్పారు. ‘దబిస్తాన్’ చెప్పిన కథలో పిల్లవాని తండ్రి మొదట అనుమానించి, ప్రేమ నిర్మలమని నమ్మిన మీదట ఆటంకం తొలగిస్తాడు. ఫ్రెంచి యాత్రికుడు బెర్నియర్‌కు కనుపించినది రాజధాని వీధులలో నగ్నంగా తిరిగే ఒక మొండి ఫకీరు మాత్రమే. 1910లో మౌలానా అబుల్ కలాం ఆజాద్ రాసిన వ్యాసంలో సర్మద్ రాజశక్తికి తలవంచని అమరవీరుడైనాడు. ప్రేమ అతనిని సత్యానికి చేర్చిన మెట్టు అయింది. ఆ మౌలానా సమాధి కూడ 1958 నుండి జామా మసీదు చెంతనే ఉన్నది. ఇన్ని కథనాలలోనూ అభయ్‌చంద్ పక్షాన నిలిచి అడిగినవారు లేరు. తండ్రి ఒప్పుకున్నాడు, గురువు ప్రేమించాడు, ఆజాద్ అర్థం చెప్పారు. ఆ పిల్లవాని వయస్సెంత, అతడేమి కోరుకున్నాడు అనే ప్రశ్నలు నేటి పాఠకునివి. లుబ్ధావధాన్ల కథ చదివి నేర్చుకున్నవారు సర్మద్ కథ దగ్గర ఆ ప్రశ్నలను మరచిపోకూడదు. బాలునిపై ఎంతటి మహాత్ముడు చూపిన ప్రేమనైనా దాని తీవ్రతనుబట్టి మాత్రమే తూచలేము.

ఉర్దూ గజలులో కూడ ఇదే సమస్య. పద్దెనిమిదో శతాబ్దంలో ఢిల్లీలో వెలిగిన మీర్ తఖీ మీర్ వంటి కవుల పద్యాలలో ప్రేయసి స్థానంలో తరచు నూనూగు మీసాల యువకుడుంటాడు. ఆనాటి రసికులకది కవిసమయం. పానిపట్టు వాడైన అల్తాఫ్ హుసేన్ హాలీ 1893లో కవిత్వ విమర్శ రచించినప్పుడు అది సిగ్గుపడవలసిన సంగతి అయింది. ప్రియుడు పురుషుడని తెలిపే గుర్తులను గజలునుండి తొలగించాలని ఆయన సూచించారు. పద్యాలు మారలేదు, చదివేవారి కళ్ళు మారినవి.

హిందీలో ఈ మారిన చూపు బహిరంగమైన కలహంగా పరిణమించింది. పాండేయ బేచన్ శర్మ ‘ఉగ్ర’ 1924లో కలకత్తా ‘మత్‌వాలా’ పత్రికలో ‘చాక్లెట్’ అనే కథ ప్రచురించి, 1927లో అదే పేరుతో కథాసంపుటిని వెలువరించాడు. వయస్సు వచ్చిన పురుషులు బాలురనూ కిశోరులనూ ఆకర్షించి పాడుచేస్తున్నారనీ, దానిని బయటపెట్టి నిర్మూలించడమే తన లక్ష్యమనీ ఉగ్ర వాదం. బనారసీదాస్ చతుర్వేది ‘విశాల్ భారత్’ సంపాదకుడుగా ఇటువంటి రచనలకు ‘ఘాస్‌లేటీ’ సాహిత్యమని, అనగా కిరసనాయిలు వాసన కొట్టే సాహిత్యమని, పేరుపెట్టి ఉద్యమమే నడిపాడు. గాంధీజీ ఆ పుస్తకాన్ని చదివి రచయిత ఉద్దేశం చెడ్డదికాదని అభిప్రాయపడినారు. ఇరుపక్షాలవారూ ఒక్క విషయంలో ఏకీభవించారు: పురుషులమధ్య ప్రేమ అంటే పెద్దవాడు వేటగాడు, చిన్నవాడు వేట. సమాన వయస్కులైన, ఒకరినొకరు కోరుకున్న ఇద్దరి ఊహకు ఆ కలహంలో చోటే లేదు. 1942లో ఉర్దూ రచయిత్రి ఇస్మత్ చుగ్తాయి ‘లిహాఫ్’ కథలో ఒక బేగమూ, ఆమె పరిచారికా ఉన్న గదిలోనికి ఒక చిన్నపిల్ల కళ్ళతో మనను చూడనిచ్చారు. లాహోరు న్యాయస్థానంలో అశ్లీలాభియోగం నడిచి వీగిపోయింది. ఆ కథలోని పసిపిల్ల భయం మాత్రం పాఠకుని వదలదు. పెద్దవారి ఆకలి ముందు పిల్లల నిస్సహాయతను చుగ్తాయి దాచలేదు.

ఈ వారసత్వం మోసుకొని వచ్చిన ప్రేక్షకుల ముందుకు ‘ఫైర్’ వచ్చింది. ధ్రువీకరణ మండలి 1998 మే నెలలో ఒక్క దృశ్యమైనా కత్తిరించకుండ, పెద్దలకు మాత్రమే అనే ముద్రతో అనుమతించింది. సీత పేరును నీతగా మార్చాలనేదే షరతు. నవంబరులో విడుదలయి, మహానగరాలలో మూడు వారాలపాటు నిండుగా ఆడింది. డిసెంబరు 2న బొంబాయిలోని గోరేగావ్‌లో శివసేన కార్యకర్తలు ఒక థియేటరుపై దాడిచేసి అద్దాలు పగులగొట్టారు. మరునాడు ఢిల్లీలో, 1932 నుండి కన్నాట్ ప్లేస్‌లో వెలుగుతున్న రీగల్ సినిమా వంతు వచ్చింది. కలకత్తాలో మాత్రం ప్రేక్షకులూ, థియేటరు సిబ్బందీ ఎదురు తిరిగి ఆట సాగనిచ్చారు. డిసెంబరు 7న ఢిల్లీలో ముప్పైకి పైగా సంఘాలవారు దీపాలు పట్టుకొని నిరసన తెలిపారు. వారిలో కొందరు స్త్రీలు తాము భారతీయులమనీ, లెస్బియన్లమనీ వ్రాసిన ఫలకాన్ని ఎత్తిపట్టుకున్నారు. తరువాత వారిలో పలువురు కలసి లెస్బియన్ హక్కుల ఉద్యమాన్ని ఏర్పరచి, 1999లో ఒక నివేదిక ప్రచురించారు. మండలి చిత్రాన్ని పునఃపరిశీలించి, మరల ఏ కత్తిరింపూ లేకుండానే విడిచిపెట్టగా, 1999 ఫిబ్రవరిలో ప్రదర్శనలు తిరిగి మొదలైనవి.

ఎవరు ఏమి చూశారు? దాడిచేసినవారికి పేర్లు కనుపించినవి. రాధ, సీత అనే పూజ్యనామాలను మార్చి ముస్లిం స్త్రీల పేర్లు పెడితే అభ్యంతరం లేదన్నట్లు వారి నాయకుడు బాల్ ఠాక్రే మాట్లాడారు. దర్శకురాలికి కనుపించినది ఏకాంతం, ఎంపికకు ఉన్న స్వేచ్ఛ. ఇది కేవలం స్వలింగ ప్రేమకథ కాదని ఆమె చెబుతూ వచ్చారు. దీపాలు పట్టిన స్త్రీలలో కొందరికి ఆ మాట కూడ నచ్చలేదు. చిత్రాన్ని సమర్థించేవారు సైతం ఆ ప్రేమ పేరెత్తడానికి జంకితే, దాడిచేసినవారికీ వీరికీ భేదమేమిటని వారి ప్రశ్న. భర్తలు నిరాదరించడంవల్లనే ఈ స్త్రీలు ఒకరినొకరు చేరుకున్నారన్నట్లు కథ నడవడం కూడ వారిలో కొందరికి లోపంగా తోచింది.

అన్నింటికన్న మన విషయానికి దగ్గరగా వచ్చినది ఢిల్లీనుండి వెలువడే ‘మానుషి’ పత్రికలో మధు కిశ్వర్ చేసిన విమర్శ. మన ఉమ్మడి కుటుంబాలలో ఆడవారు ఒకరి తలకొకరు నూనె రాసుకుంటారు, ఒకే మంచం మీద పడుకుంటారు, కష్టం వస్తే ఒకరినొకరు కావలించుకుంటారు. వీటన్నిటినీ ఈ చిత్రం శృంగారపు చూపుతో చూపడంవల్ల, ఇకమీద అత్యంత సహజమైన ఆప్యాయతకూడ అనుమానపు కంటబడుతుందని ఆమె భయం. ఈ భయాన్ని తేలికగా తీసివేయకూడదు. పెద్దకోడలు చిన్నకోడలికి జడవేయడం మన ఇండ్లలో అందమైన దృశ్యాలలో ఒకటి. కాని ఆ ఆప్యాయత నీడలోనే కొన్ని ప్రేమలు కూడ బ్రతికి ఉండవచ్చుననీ, ఆ నీడయే వాటికి రక్షణా, చెరసాలా అయి ఉండవచ్చుననీ మరచిపోవడం న్యాయం కాదు. తమ భాషలో తమ సంబంధానికి మాట లేదని చిత్రంలో సీత ఒకచోట అంటుంది. ఆ మాటను ఆమె ఆంగ్లంలో అనడం వింతయే. అయినా జేఠానీ, దేవరానీ అనే పేర్లు వారిద్దరినీ ఒకే కప్పు క్రింద ఉంచగలిగినవి. ఆ పేర్లకు అర్థం భర్తలున్నంతకాలమే.

ఇంత కోలాహలంలోనూ పెద్ద, చిన్న అనే ప్రశ్నకు ప్రాముఖ్యం రాలేదు. వివాదం మతం మీదా, జాతి సంస్కృతి మీదా, వివాహం మీదా సాగింది. ‘చాక్లెట్’ నాటి కలహంతో పోల్చితే ఇది గమనింపదగిన మార్పు. ఇద్దరూ వయస్సు వచ్చిన స్త్రీలు కావడమూ, చిన్నామెయే ముందడుగు వేయడమూ వేటగాడు, వేట అనే పాత చిత్రాన్ని నిలువనీయలేదని నా అభిప్రాయం. ఇద్దరు పురుషుల విషయంలో ఆ పాత చిత్రం అంత సులభంగా చెరగలేదు. 2010 ఫిబ్రవరిలో అలీగఢ్ విశ్వవిద్యాలయంలో మరాఠీ బోధించే, అరవై దాటిన ఆచార్య రామచంద్ర సిరాస్ గృహంలోకి కొందరు కెమెరాలతో చొరబడి, ఆయన ఒక రిక్షా కార్మికునితో ఉండగా చిత్రీకరించారు. విశ్వవిద్యాలయం ఆయనను సస్పెండు చేసింది. ఏప్రిల్‌లో అలహాబాదు ఉన్నత న్యాయస్థానం ఆ ఉత్తర్వును నిలిపివేసిన కొద్దిరోజులకే ఆయన తన గదిలో విగతజీవులై కనుపించారు. 2016లో హన్సల్ మెహతా ‘అలీగఢ్’ చిత్రం విడుదలైనప్పుడు ఆచార్యుని ఏకాంతానికి కన్నీరు పెట్టిన ప్రేక్షకుడు, ఆ రిక్షా కార్మికునికి ఏమయిందని కూడ అడగవలసి ఉన్నది. వయస్సుకు తోడు చదువూ, జీతమూ ఒక వైపే ఉన్నప్పుడు ఆ ప్రశ్న అడగడం సానుభూతికి విరోధం కాదు.

చట్టం ఈ విషయంలో ఒక గీత గీసింది. 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ విభాగం వయస్సునూ సమ్మతినీ ఏమాత్రం పట్టించుకోలేదు. పిల్లవానిపై అత్యాచారమూ, పెద్దలిద్దరి ప్రేమా దానికి ఒకటే. 2009 జూలై 2న ఢిల్లీ ఉన్నత న్యాయస్థానం ఈ రెండింటినీ విడదీసింది. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసివేసి, 2018 సెప్టెంబరు 6న తన తీర్పును తానే సరిదిద్దుకొన్నది. 2012 నాటి బాలల రక్షణ చట్టంతో కలిపి చూస్తే గీత స్పష్టం: పద్దెనిమిదేండ్ల లోపు వారి విషయంలో ప్రేమ అనే మాట రక్షణ ఇవ్వదు; ఆ గీత దాటిన ఇద్దరి మధ్య ఎన్ని సంవత్సరాలున్నా అది వారి సొంత విషయం. కన్యాశుల్కం చూసి నవ్విన తెలుగువారికి ఈ న్యాయం కొత్తది కానక్కరలేదు.

గీత ఇవతల వయస్సు తేడా ఏమీ కాదని దీని అర్థం కాదు. జంటలో ఒకరు పదిహేను, ఇరవై యేండ్లు పెద్దవారైతే, ప్రకృతి క్రమాన వారే ముందు పోతారు. భార్యాభర్తలైతే మిగిలినవారికి ఇల్లు, పింఛను, అంత్యక్రియల అధికారం చట్టమే ఇస్తుంది. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు స్వలింగ వివాహాన్ని గుర్తించడానికి అంగీకరించలేదు. 2024లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి జంటలు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికీ, ఒకే రేషను కార్డులో ఉండడానికీ అడ్డు లేదని స్పష్టం చేసింది. మిగిలిన వాటికి వీలునామాయే గతి. ఆసుపత్రి కాగితం మీద రోగికి మీరేమవుతారన్న గడి దగ్గర చిన్నవారి కలం ఆగిపోతుంది.

రీగల్ సినిమా 2017 మార్చి చివర మూతపడింది. ఒకనాడు దాని వాకిట అద్దాలు పగిలిన సంగతి నేటి యువకులకు చదివి తెలుసుకోవలసిన చరిత్ర. రాధాసీతలు దర్గాలో కలుసుకున్న తరువాత ఏమైనారో చిత్రం చెప్పదు. వారిద్దరూ వదిలివచ్చిన ఇంట్లో వారికి పేర్లుండేవి, ఆ పేర్లతో వంటింట్లో, పూజగదిలో, పంక్తిలో చోటుండేది. బయట వారు ఒకే గదిలో ముప్పై యేండ్లు కాపురముండి, పెద్దామె మంచం పట్టినప్పుడు, చిన్నామె ఏ వరుస చెప్పుకొని వైద్యుని ఎదుట నిలుచుంటుంది? జేఠానీ, దేవరానీ అనే మాటలు అక్కడ చెల్లవు. మన తోడికోడలిలో నుండి కోడలు అనే భాగం జారిపోతే మిగిలేది తోడు. అనువాదకునికి ప్రస్తుతం ఆ మాట చాలును. చట్టానికి ఇంకా చాలలేదు.